తీరు రాయని లెక్క

లెక్కలంటే గిట్టనివాళ్ళకి లెక్కల చరిత్ర చెప్పి దారికి తేవాలని ఆలోచించిన మహానుభావుడు ఇప్పుడు నా ఎదుట పడితే రెండు చెంపలూ వాయించేవాణ్ణి. ఆ మహానుభావుణ్ణి నేనే. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. మీసం కంటే ముందు తెలివి మొలిచిందని నా నమ్మకం.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు సికింద్రాబాదు వచ్చాను. అంతకుముందు కృష్ణకి అవతల ఒక మిషన్ బడిలో పిల్లలకి లెక్కలు చెప్పేవాణ్ణి. సికింద్రాబాదులో గుమస్తాగా ఉన్న మా మేనమామ ఉత్తరం రాశాడు. ఇక్కడ ఉర్దూ పోయి ఇంగ్లీషూ తెలుగూ వస్తున్నాయి, చెప్పేవాళ్ళు దొరకడం లేదు, దేవుడు నీకు తలుపు తెరిచాడు, ఆలస్యం చెయ్యకు అని. దేవుడు తెరిచిన తలుపు కదా అని ట్రంకు పెట్టె పట్టుకుని రైలెక్కాను. కార్ఖానా అనే పేటలో మామయ్య ఇంటి వెనక గదిలో దిగాను. ఉద్యోగం దొరికింది గాని అది తాత్కాలికం. నేను ముల్కీని కాను, అంటే హైదరాబాద్ రాజ్యంలో పుట్టి పెరిగినవాణ్ణి కాను. బయటివాణ్ణి ఎంతకాలం ఉంచుతారో, ఎప్పుడు పొమ్మంటారో చెప్పగలిగినవాడు లేడు. ఆరు నెలలకోసారి ఒక కాగితం వస్తే ఇంకో ఆరు నెలలు ఊపిరి పీల్చుకోవచ్చు.

నాకిచ్చింది పిల్లల బడి కాదు. నిజాం సైన్యాన్ని రద్దు చేశాక దాని వర్క్‌షాపులు కూడా మూతపడ్డాయి. అక్కడ బండ్లూ ఫిరంగి చక్రాలూ పెట్టెలూ చేసిన వడ్రంగులు, కమ్మరులు, ఫిట్టర్లు రోడ్డున పడ్డారు. వాళ్ళకోసం కొత్త ప్రభుత్వం ఒక ఏడాది క్లాసు పెట్టింది. పొద్దున షెడ్డులో పని, మధ్యాహ్నం రేకుల కప్పున్న పొడుగాటి గదిలో చదువు. ఏడాది చివర పరీక్ష. ప్యాసయితే సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టు ఉంటే రైల్వే వర్క్‌షాపులో చోటు. లేకపోతే ఇరవై ఏళ్ళు పని చేసిన చేతికి కూడా విలువ లేదు. ఉలి పట్టడంలో వాళ్ళని ఫెయిలు చెయ్యగల మొనగాడు ఆ ఊళ్ళో లేడు. ఫెయిలు చెయ్యడానికి నా సబ్జెక్టు ఒక్కటే ఉంది.

మొదటి నెల నరకం. జొన్నరొట్టె తిని వచ్చి, రేకుల వేడికి కళ్ళు మూతలు పడుతుంటే, నలభై ఏళ్ళ మనుషులు బల్లల మీద చిన్నపిల్లల్లా కూర్చునేవాళ్ళు. నేను బోర్డు మీద భిన్నాలు రాస్తుంటే వెనక గురక వినిపించేది. కోప్పడితే లేచి నిలబడి 'మాఫ్ చెయ్యున్రి సార్' అనేవాళ్ళు. నాన్న వయసు మనిషి నా ముందు అలా నిలబడితే నాకు సిగ్గేసేది, ఆ సిగ్గు మళ్ళీ కోపంగా మారేది. ప్రిన్సిపాలు గారు పాతకాలపు ఉర్దూ పెద్దమనిషి, రిటైర్మెంటుకి రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. వీళ్ళకి లెక్కలు ఎక్కడం లేదండీ అని మొరపెట్టుకుంటే, 'జానే దో మియా', పోనీవయ్యా, అని పాన్ డబ్బా నా వైపు జరిపారు.

అప్పుడు పుట్టింది ఆ బుద్ధి. కాలేజీ రోజుల్లో లైబ్రరీలో లెక్కల చరిత్ర మీద ఇష్టంగా చదివిన సంగతులు తలలో ఉన్నాయి. ఒకరోజు పన్నెండు ముళ్ళు వేసిన తాడు తీసుకుని క్లాసుకి వెళ్ళాను. ముగ్గురిని లేపి, మూడు, నాలుగు, ఐదు భాగాలుగా తాడు లాగి పట్టుకోమన్నాను. చూడండి, మూల ఎంత తిన్నగా వచ్చిందో అన్నాను. గొప్ప గారడీ చేసినట్టు నా మొహం వెలిగిపోతుండగా వెనక బల్ల నుంచి ఒకాయన అన్నాడు:

"గిది మాకు ఎర్కే సార్. మూలమట్టం చిన్నగున్నప్పుడు గిట్లనే జూస్తం."

క్లాసంతా నవ్వింది. నా పరువు పోయింది గాని, ఆ నెలలో వాళ్ళు మెలకువగా ఉండటం అదే మొదటిసారి. అది పోగొట్టుకోవడం ఇష్టం లేక చెప్పుకుపోయాను. వేల ఏళ్ళ కిందట యజ్ఞవేదికలు కట్టినవాళ్ళు ఈ తాడుతోనే మూలలు తీశారు, ఎక్కడో మిసర్ దేశంలో, అంటే ఈజిప్టులో, వరద పోయాక పొలం గట్లు మళ్ళీ వేసుకోవడానికి ఇలాంటి తాళ్ళే లాగారట, వాళ్ళెవరూ బడికి పోయినవాళ్ళు కారు, మీలాంటి పనివాళ్ళే అని చెప్పాను. గురక ఆగింది. ఆ రోజు నుంచి ప్రతి క్లాసులోనూ చివరి పావుగంట ముచ్చటకే. చక్రం చుట్టుకొలత కోసం ఎన్ని దేశాలవాళ్ళు ఎంత తన్నుకులాడారో, గంటకి అరవై నిమిషాలు ఎందుకు వచ్చాయో, సున్నా లేనప్పుడు జనం ఎలా తిప్పలు పడ్డారో చెప్పేవాణ్ణి. మామయ్య ఇంట్లో అన్నం తింటూ కూడా రేపటి ముచ్చట ఆలోచించుకునేవాణ్ణి. నన్ను మించిన మాస్టారు ఈ రాజ్యంలో లేడనుకున్నాను.

ఆ వెనక బల్ల ఆయన వడ్లాయన, అంటే వడ్రంగి. నలభై దాటాయి. నేరేడ్‌మెట్ నుంచి నడిచి వచ్చేవాడు. ఇరవై ఏళ్ళు సైన్యం షెడ్డులో ఫిరంగి చక్రాలు చేశాడు. అందరికంటే ముందు ముచ్చట కోసం చెవి ఒగ్గేది ఆయనే. ఒకరోజు క్లాసు అయ్యాక నాతో గేటు దాకా నడిచి, ఇంట్లో ఆరుగురు తినేవాళ్ళున్నారనీ, షెడ్డు మూతపడ్డాక దొరికిన రోజు కూలి, దొరకని రోజు పస్తు అనీ చెప్పాడు. రైల్వే షెడ్డులో ఒక పెద్ద మేస్త్రీ ఆయన పని ఎరిగినవాడే. సర్టిఫికెట్టు తెచ్చుకో, నా పక్కనే నిలబెట్టుకుంటా అని మాటిచ్చాడట.

"కాయిదం ఒక్కటే తక్కువ సార్," అన్నాడు. "అది లేకుంటే గీ చేతులు ఉండీ లేనట్టే."

ప్యాసవుతారు, నేనున్నాను కదా అన్నాను. నోటి దురద.

ఆయన సంగతి పూర్తిగా తెలిసింది దుంగలూ పలకలూ కొలిచే పాఠం రోజున. పన్నెండు అడుగుల పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల మందం ఉన్న పలకలో ఎన్ని ఘనపుటడుగుల కలప ఉందని అడిగి, బోర్డు మీద గీతలు గీయడం మొదలుపెట్టాను. నేను రెండో గీత గీయకముందే ఆయన అన్నాడు: "రెండుకు అరపావు తక్కువ."

నేను అరబోర్డు నింపాక అదే వచ్చింది. ఎలా చేశారని అడిగాను. ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. పన్నెండు అడుగులకి పన్నెండు అంగుళాలు పోయె, తొమ్మిదంటే ముప్పావు, ఢాయికి ముప్పావు ఎక్కం చదువుకుంటే రెండుకు అరపావు తక్కువ, గంతే అన్నాడు. ఢాయి అంటే రెండున్నర. చిన్నప్పుడు ఖాన్గీ బడిలో, అంటే ఊళ్ళో పంతులు సొంతంగా నడిపే బడిలో, రెండేళ్ళు కూర్చున్నాడట. అక్కడ రాసుకోవడానికి పలకలు ఉండేవి కావు. పొద్దుగూకే వేళ అందరినీ వరసగా నిలబెట్టి పావు, ముప్పావు, సవా అంటే ఒకటింపావు, దేడ్ అంటే ఒకటిన్నర, ఢాయి ఎక్కాలు గొంతెత్తి చెప్పించేవాడట పంతులు. తప్పితే తొడపాశం. ఆ ఎక్కాల మీదే ఆయన ఇరవై ఏళ్ళు చక్రాలు చేశాడు. ఇంచులో ఎనిమిదో వంతుని వాళ్ళు సూత్ అంటారు. ఆయన ఏ కొలతైనా సూత్ కూడా తేడా రాకుండా నోటితోనే తేల్చేవాడు.

నాకు ఒళ్ళు పులకరించింది. నేను పుస్తకాల్లో చదివి మురిసిపోయిన చరిత్ర నా క్లాసు వెనక బల్ల మీద కూర్చుని ఉందని అనిపించింది. అప్పటిదాకా ఆయన పాపం కష్టపడుతూ, నా బోర్డు చూసి, గుండ్రటి అక్షరాలతో లెక్క చేసిన తీరు రాయడం నేర్చుకుంటున్నాడు. ఒక లైను కింద ఒక లైను, సమానం గుర్తు కింద సమానం గుర్తు. నోట్లో ఒక్క క్షణంలో తేలే లెక్కకి కాగితం మీద ఆయనకి పావుగంట పట్టేది. పుస్తకం నిండా కొట్టివేతలే. అయినా రాస్తున్నాడు, రోజురోజుకీ తప్పులు తగ్గుతున్నాయి.

అలాంటి మనిషికి నేను ఆ ముచ్చట చెప్పాను. మన దేశంలో వెనకటి గణితం వాళ్ళు లెక్కలన్నీ శ్లోకాల్లో చెప్పేవారు, చేసిన తీరంతా రాసేవారు కారు, సూత్రమో జవాబో చెప్పి వదిలేసేవారు, తీరు గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి వెళ్ళేది, ఇదిగో ఈయనకి పంతులు నేర్పినట్టే అని. క్లాసంతా వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. ఆయన తల వంచుకుని నవ్వాడు. ఆ మనిషి సిగ్గుపడటం అదొక్కసారే చూశాను. తర్వాత అడిగాడు:

"అయితే గంత పెద్దోళ్ళు సుత తీరు రాయలేదా సార్?"

"రాయలేదు," అన్నాను. "వాళ్ళకి అక్కర్లేకపోయింది."

ఆ మర్నాటి నుంచి ఆయన పుస్తకంలో తీరు లేదు. లెక్క, దాని పక్కన జవాబు. ప్రతి జవాబూ ఒప్పే. నేను ఎర్ర పెన్సిలుతో ఒప్పు గుర్తు పెడుతూ పోయాను. ఒక్క రోజైనా పరీక్షలో ఇలా కుదరదు సుమా అనలేదు. అనాలని తోచలేదా అంటే, తోచింది. కాని ఆ ముఖంలో వెలుగు నా వల్ల వచ్చింది. దాన్ని నా చేత్తో ఆర్పడం ఇష్టం లేకపోయింది. పరీక్ష నాటికి రాస్తాడులే, అంత తెలివైన మనిషికి అదొక లెక్కా అనుకున్నాను. కన్నవాళ్ళు ముద్దు చేసి బిడ్డని పాడు చేస్తారంటారు. నా తండ్రి వయసు మనిషిని నేను ముద్దు చేశాను.

పరీక్ష గదిలో కాపలా నేనే. ఆయన అందరికంటే ముందు లేచి కాగితం ఇచ్చాడు. అప్పుడైనా చూసి ఉంటే వెనక్కి పంపేవాణ్ణి, ఇంకా గంట టైముంది. చూడలేదు. ఆయన నమస్తే పెడితే నేను నవ్వి, బయట షెడ్డులో కూర్చోమని సైగ చేశాను.

పదిహేను రోజులకి ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. మా జిల్లా వైపు మనిషే, మద్రాసు సర్వీసు నుంచి కొత్తగా వచ్చాడు. నా మాట యాస వినగానే ఊరూ పేరూ అడిగి కుర్చీ చూపించాడు. ఆ కుర్చీలో కూర్చోవడం నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పుడు చెప్పుకుంటే అసహ్యంగా ఉంటుంది. సంచి లోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. అన్ని ప్రశ్నలకీ జవాబులున్నాయి. ఒక్కటీ తప్పు లేదు. ఒక్కదానికీ తీరు లేదు.

మార్కుల్లో ఎక్కువ భాగం తీరుకేనని, అది లేకపోతే జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి ఆధారం లేదని ఆయన అన్నాడు. అన్నీ ఒప్పయి ఏ ఒక్కదానికీ తీరు లేని కాగితాన్ని రూలు ప్రకారం కాపీ కింద జమకట్టాలి. కాపీ అని రాస్తే ఆ మనిషికి మళ్ళీ పరీక్ష రాసే హక్కు ఉండదు. అందుకని రాయడానికి ముందు ఒకసారి చూద్దామని వచ్చాను, పిలిపించండి అన్నాడు. చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఫలితాలు తెలిసేదాకా షెడ్డులో పని సాగుతూనే ఉంది, అక్కణ్ణుంచి వడ్లాయన్ని పిలిపించారు. చేతులకి రంపపు పొట్టుతోనే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు ఒక లెక్క అడిగాడు: పదహారు అడుగుల పొడవు, పదిహేను అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల మందం, ఎంత కలప? ఈయన పెదాలు రెండుసార్లు కదిలాయి. సవా పదహార్లు ఇరవై, ఇరవైల పావు ఐదు అన్నాడు. ఇన్‌స్పెక్టరు కాగితం మీద చేసి చూసుకుని, ఐదే అన్నాడు. నా గుండె తేలికపడింది. అయిపోయింది, గట్టెక్కాం అనుకున్నాను.

"చెప్పడం కాదు. అదే బోర్డు మీద రాయి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

వడ్లాయన సుద్దముక్క తీసుకున్నాడు. పదహారు అని రాశాడు. ఇంటు గుర్తు వేశాడు. అక్కడ ఆగాడు. ఆరు నెలల కిందట ఈ లెక్కని కొట్టివేతలతోనైనా చివరిదాకా రాసేవాడు. ఆ ఆరు నెలలూ నేను ఒప్పు గుర్తులు పెట్టాను. ఫిరంగి చక్రానికి ఆకులు దిగ్గొట్టిన ఆ చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. తర్వాత పక్కన ఐదు అని రాసి సుద్దముక్క కింద పెట్టాడు.

"నోట్ల వస్తది సార్, చేతిల రాదు," అన్నాడు. "పాతకాలపోళ్ళు సుత గిట్లనే జేసిన్రని..."

అని నా వైపు చూసి ఆగిపోయాడు.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆయన నన్ను చూడటం మానేసి కిటికీ వైపు తిరిగాడు. "ఎవలు జెప్పలే సార్. నేనే అనుకున్న."

ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగాడు. ప్రిన్సిపాలు గారు కూడా నా వైపే చూస్తున్నారు. పరీక్షకి కాపలా నేను. నేనే తీరు అక్కర్లేదన్నానంటే, రేపు జవాబులు అందించింది కూడా నేనే అనడానికి ఎంతసేపు? నా ఆరు నెలల కాగితం ఆ వారమే రావాలి. ఇవన్నీ నేను ఒక్క నిమిషంలో లెక్క కట్టాను, నోటితోనే, తప్పు లేకుండా.

"మాస్టారూ, మీరేమైనా ఇలా చెప్పారా ఇతనికి?"

"లేదండి," అన్నాను. "తీరు రాయమనే నేర్పానండి."

ఇన్‌స్పెక్టరు పెన్ను మూత తీశాడు. రాసేముందు ఒక్క క్షణం ఆగి, మనిషికి లెక్క తెలిసినట్టే ఉంది, కాని ఫైల్లో ఏమని పెట్టమంటారు అని ప్రిన్సిపాలుని అడిగాడు. ప్రిన్సిపాలు గారు ఈసారి పాన్ డబ్బా కూడా తెరవలేదు. ఇన్‌స్పెక్టరు కాపీ అని రాశాడు. తర్వాత టీ వచ్చింది. నేను తాగాను.

సాయంత్రం గేటు దగ్గర ఆయన కోసం నిలబడ్డాను. మళ్ళీ ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్తాను, నిజం చెప్తాను అని మొదలుపెట్టాను. నా గొంతులోనే ఆ మాటకి బలం లేదు, నాకే వినిపించింది. ఆయన పనిముట్ల సంచి ఒక భుజం నుంచి రెండో భుజానికి మార్చుకున్నాడు.

"మీ నౌకరి సుత పోతే ఏం ఫాయిదా సార్," అన్నాడు. "ఒక్కల్దే పోనీ."

నేరేడ్‌మెట్ దారి పట్టి వెళ్ళిపోయాడు. ఆయన తిడితే బాగుండేదని ఎన్నో ఏళ్ళు అనుకున్నాను. తిట్టించుకునే అర్హత కూడా ఉండాలి కాబోలు. ఆ ఆదివారం చర్చిలో పాట పాడటానికి నోరు రాలేదు. మామయ్య జ్వరమా అని అడిగాడు. అవునన్నాను.

నా కాగితం వచ్చింది. ఆరు నెలలు కాదు, ఏకంగా ఏడాదికి ఇచ్చారు. కొత్త బ్యాచీకి నేను ముచ్చట్లు చెప్పలేదు. తాడు తేలేదు, మిసర్ దేశం ఊసు ఎత్తలేదు. ఒక లైను కింద ఒక లైను, సమానం గుర్తు కింద సమానం గుర్తు, రాయనివాణ్ణి నిలబెట్టి మరీ రాయించాను. గురకపెట్టేవాళ్ళు గురకపెట్టారు, భయపడేవాళ్ళు భయపడ్డారు. ఆ ఏడు నా సబ్జెక్టులో ఒక్కడు కూడా తప్పలేదు. ఇన్‌స్పెక్టరు గారు నా పని బాగుందని రాసి పంపారు.

రెండేళ్ళ తర్వాత అనుకుంటాను, కూరగాయల కోసం మోండా మార్కెట్ వెళ్ళాను. వెనక సందులో నలుగురు మనుషులు పండ్ల పెట్టెలు చేస్తున్నారు. పాత పలకలు తీసుకుని, మేకులు వంచి తిన్నగా చేసి కొట్టే పని. పెట్టెకింత అని కూలి. అందులో ఆయన ఉన్నాడు. గడ్డం తెల్లబడింది. కొలబద్ద కూడా లేదు, ఆ పనికి అక్కర్లేదు. నేను చూసి వెనక్కి తిరిగాను. నిజం చెప్తున్నాను, పారిపోదామనే తిరిగాను. కాని ఆయనే చూసి, సుత్తి కింద పెట్టి లేచి వచ్చాడు. ఒంటిమీద పొట్టు దులుపుకుని నమస్తే పెట్టాడు. పక్కవాళ్ళతో, "మా సార్. లెక్కలు ఏడికెల్లి వచ్చినయో అన్నీ ఎర్కే ఈనకు," అని చెప్పాడు. వాళ్ళు కూడా లేచి నమస్తే పెట్టారు.

ఇంట్లో ఎలా ఉన్నారని అడిగాను. ఉన్నరు సార్ అన్నాడు. నా సంచిలో వంకాయలున్నాయి, వాటినే చూస్తూ నిలబడ్డాను.

"ఇప్పుడు సుత చెప్తున్నరా సార్, ఆ ముచ్చట్లు?" అని అడిగాడు.

"చెప్తున్నాను," అన్నాను.

"చెప్పున్రి సార్. మంచిగుంటయి," అని మళ్ళీ పెట్టెల దగ్గరికి వెళ్ళిపోయాడు.